ఐదు లెక్కపెట్టేదాకా

నమోదు 212, సోమవారం

మూడో నంబరు పరీక్ష గది. వేడి ఇరవై నాలుగు డిగ్రీలు, తేమ అరవై ఒకటి. రాస్తున్నది పైడమ్మ.

కొలతలన్నీ సాఫ్ట్‌వేర్ తనే రాసుకుంటుంటే ఈ చేతిరాత పుస్తకం దేనికని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. యంత్రం కంట పడనివి మనిషి రాయాలని గది నిబంధన. నాకైతే మనసులో మాట చెప్పుకోవడానికి ఒక చోటు దొరికింది, అది చాలు.

ఇవాళ మాత్రం సంతోషంగా రాస్తున్నాను. పందొమ్మిదేళ్ళుగా ఈ గదిలోంచి బయటికెళ్ళిన ప్రతి నివేదిక కిందా ఒకటే పేరు, దాలినాయుడు మాస్టారిది. రాగి బల్ల తుడిచేది నేను, తీగలు పరిచేది నేను, సాఫ్ట్‌వేర్ నడిపేది నేను, పేరు ఆయనది. దానికి నేనేనాడూ బాధపడలేదు. ఈ పనిలో నాకు అ ఆలు దిద్దించింది ఆయనే. పొద్దున్న ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఉత్తరపు గోడ పెట్టెల కాడినుంచి నీ పేరే ఏసుకో పైడమ్మా. ఎన్నాళ్ళని నా ఎనకాలుంటావు" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడకుండా తీగలు సర్దుతున్నట్టు వంగి కూర్చున్నాను.

తర్వాత నెలవారీ ఆమోదాలకు వేలిముద్రలు వేశాం. సాఫ్ట్‌వేర్‌లో ఏ చిన్న అమరిక మార్చాలన్నా ఇద్దరి బొటనవేళ్ళూ పడాలి. ముందు ఆయన, తర్వాత నేను. పెద్దవాళ్ళు వేలు పెట్టిన తెరను రెండోవాళ్ళు చదవడం మా గదిలో మర్యాద కాదు. చదివితే వాళ్ళను అనుమానించినట్టు. నేను ఏనాడూ చదవలేదు.

పేరుతో పాటు పడవ కూడా వస్తుంది. సముద్రపు గోడ మీద కొత్త తుపాకీ బురుజులు మొదలుపెట్టే రోజున, వాటిని నడిపే పెట్టెలను పరీక్షించి పేరు పెట్టినవాళ్ళు, ఊరిని ఏలే సభవాళ్ళు చూస్తుండగా మొదటి పడవ ఎక్కి ఆ తుపాకుల ముందు నుంచి వెళ్ళాలి. మాస్టారు పదకొండుసార్లు వెళ్ళారు. పన్నెండోసారి వెళ్ళేది నేను.

నమోదు 213, మంగళవారం

వేడి ఇరవై నాలుగు, తేమ అరవై.

పడవ సంగతి మా చెల్లెలు నూకరత్నానికి చెప్పాను. అది గోడకి బయట, దీపపు దిబ్బలనే లంకల మీద కాపురాలున్నవాళ్ళకి రోజూ మంచినీళ్ళ పడవ నడుపుతుంది. "అయితే ఆ పడవ నాదే అవ్వాలప్పా. ఇంకోలు అడ్డొత్తే ముంచీగలను" అంది. మాటల్లోనే ఇంకో కబురు కూడా చెప్పింది. "ఇన్నావా, మీ మాస్టారి అల్లుడు సంద్రం పని మానీసేడు. పడవ అప్పగించీసి కొండెక్కీసేడు. తోటల్లో కొలువంట."

"నీలాగ అందరికీ ఉప్పునీళ్ళ పిచ్చి ఉంటుందేటే" అన్నాను.

ఆరు పెట్టెలూ బల్ల దగ్గరికి చేరాయి. పాత బురుజుల్లో పెట్టె పక్కన ఒక మనిషి కూర్చునేవాడు. పెట్టె పొరబడితే మనిషి ఆపేవాడు. ఉత్తరపు గోడలో మనుషులు లేరు. పడవ మీద మన చీటీ రేడియో, అంటే ఇది మనవాళ్ళ పడవేనని సంకేతం పంపే రేడియో, ఉందో లేదో పెట్టె చూస్తుంది, ఉంటే వదిలేస్తుంది, లేకపోతే దొంగ పడవ అనుకుని కాల్చేస్తుంది. అంతా దాని చేతుల్లోనే ఉంది కాబట్టి దాని తీగల్లోకి ఎంత గోల చొరబడినా అది గుర్తు తప్పకూడదు. అది చూడడమే నా పని.

తీగను రాగి బల్లకి ఐదు సెంటీమీటర్ల ఎత్తున చెక్క దిమ్మల మీద పరుస్తాను. దాని చుట్టూ చేతి గాజులా గుండ్రంగా ఉండే ప్రోబ్ బిగిస్తాను. ఆంప్లిఫయర్ ఆ ప్రోబ్ గుండా తీగలోకి కరెంటు ఎక్కిస్తుంది. సాఫ్ట్‌వేర్ కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా మెట్టు మెట్టుగా ఎక్కుతూ, ప్రతి మెట్టు మీదా కాసేపు ఆగి పెట్టె ఆరోగ్యం చూసుకుని ముందుకెళ్తుంది. ఆ ఆగడాన్ని మేం నిలుపు అంటాం. బురుజు అడుగున ఊటనీళ్ళు తోడే పంపులు ఉంటాయి. వాటి మోటార్లు నడిస్తే తీగల్లో ముప్పై మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో గోల లేస్తుందని మాకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే అక్కడ కరెంటు కొంచెం గట్టిగానే పెడతాం.

నిలుపు అంటే మాస్టారే గుర్తొస్తారు. సాఫ్ట్‌వేర్ రాకముందు ఆయన నా పక్కన నిలబడి ఒకటి, రెండు, మూడు అని ఐదు దాకా పైకి లెక్కపెట్టేవారు. నాలుగు దగ్గర నేను చెయ్యి కదిపితే పెన్సిల్‌తో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవారు. "పెట్టెకి జబ్బు సెయ్యడానికి టైమియ్యాలమ్మా" అనేవారు.

నమోదు 216, శుక్రవారం

వేడి ఇరవై ఐదు, తేమ అరవై నాలుగు. పోటు సైరన్ రెండుసార్లు మోగింది.

నాలుగు రోజుల్లో ఐదు పెట్టెలు పూర్తి చేసి పంపేశాం. మామూలుగా ఒక తీగ మొదలుపెట్టి, వీధి కుళాయి దగ్గర లైన్లో నిలబడి నా వంతు నీళ్ళు పట్టుకుని తిరిగొచ్చినా ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఈ వారం టీ చల్లారకముందే అయిపోతోంది. నలభై నిమిషాల పని పదకొండుకి దిగింది. మాస్టారిని అడిగితే, "కొత్త ఆంప్లిఫయరు కదా, కరెంటు బేగి సర్దుకుంటాది" అన్నారు. నేను నమ్మాను. పైగా టీ వేడిగా తాగుతున్నందుకు మురిసిపోయాను.

నివేదికల కింద నా పేరు చూసుకున్నాను. అక్షరాలు కాస్త వంకరగా అచ్చయ్యాయి. అయినా బాగుంది.

నమోదు 217, శనివారం

వేడి ఇరవై ఐదు, తేమ అరవై ఆరు.

ఆరో పెట్టెకి ఒక్క తీగ మిగిలింది. పొద్దున్నే కంప్యూటర్ల లైన్లో కరెంటు పోయింది. ఆంప్లిఫయర్ లైన్ వేరే, అది బాగానే ఉంది. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. పాత పద్ధతిలో చేత్తో తిప్పుతూ, నోటితో ఐదు లెక్కపెడుతూ మెట్లెక్కాను.

ముప్పై ఒకటో మెగాహెర్ట్జ్ దగ్గర, నాలుగు అన్నాక, పెట్టె మీది పచ్చదీపం ఎర్రబడింది. పక్కనే మా చీటీ రేడియో నిక్షేపంగా మోగుతోంది. దాన్ని పెట్టె గుర్తుపట్టలేదు. కరెంటు తగ్గించాను, పచ్చబడింది. మళ్ళీ పెంచి లెక్కపెట్టాను, మళ్ళీ ఎర్రబడింది. నాలుగోసారి కూడా అంతే.

మొదట నన్నే తిట్టుకున్నాను. ప్రోబ్ విప్పి బిగించాను. దిమ్మలు కొలిచాను. మీటరు తప్పేమోనని క్యాలిబ్రేషన్ దిమ్మలో పెట్టి చూశాను, చక్కగా ఉంది. మధ్యాహ్నం కరెంటు వచ్చాక అదే తీగను సాఫ్ట్‌వేర్‌తో నడిపాను. పదకొండు నిమిషాల్లో పాస్ అంది.

మాస్టారు వచ్చి చూసి, "సేత్తో సేసినప్పుడు ఎక్కువ తక్కువలు అవుతాయమ్మా. పాస్ వచ్చింది కదా, పేకింగ్ సెయ్యి" అన్నారు. నేను చెయ్యలేదు. సోమవారం మళ్ళీ చూస్తానని చెప్పి బల్ల మీద గుడ్డ కప్పి వచ్చాను.

నమోదు 219, సోమవారం

వేడి రాయలేదు. తేమ రాయలేదు.

గది తెరిచేసరికి బల్ల ఖాళీగా ఉంది. గుడ్డ నీటుగా మడతపెట్టి ఉంది. మాస్టారు ఆదివారం వచ్చి ఆరో పెట్టెను తనే పంపించేశారట.

కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో అమరికల పేజీ తెరిచాను. ఆ పేజీ నేను తయారుచేసిందే, నాలుగేళ్ళ కిందట. ప్రోబ్ పేరు సరిగ్గా ఉంది. క్యాలిబ్రేషన్ ఫైలు సరిగ్గా ఉంది. కరెంటు హద్దులు సరిగ్గా ఉన్నాయి. నిలుపు అని ఉన్న చోట నేను ఐదు రాశాను. అక్కడ ఒకటి ఉంది.

ఈ పెట్టె నాలుగు సెకన్లకోసారి చీటీలు చూస్తుంది. ఒక్క సెకను నిలిచి తర్వాతి మెట్టుకి వెళ్ళిపోతే అది కళ్ళు తెరవకముందే దాటిపోయినట్టు. ముప్పై ఒకటి దగ్గర ఉన్న జబ్బు అందుకే బయటపడలేదు. ఆరు పెట్టెలూ నిద్రలోనే పాసయ్యాయి.

మార్పు ఎవరు చేశారో కింద ఉంది. పోయిన సోమవారం, రెండు వేలిముద్రలు. ఒకటి ఆయనది, రెండోది నాది. నా చేతికి పేరిచ్చి, నా కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, ఆ తెర నా ముందుకు జరిపారు.

నన్ను ఇంత తేలిగ్గా మోసం చేయొచ్చని నాకు తెలియదు. కోపం ఆయన మీద రావాలి, ముందు నా బొటనవేలి మీద వచ్చింది. దాన్ని బల్లకేసి కొట్టాను. వాచింది.

నమోదు 220, మంగళవారం

వేడి ఇరవై ఆరు, తేమ డెబ్భై.

తెలియక చేశారేమోనని నాలో ఇంకా ఒక మూల ఆశ ఉంది. ముసలాయన, కళ్ళు సరిగా కనబడవు, ఏదో నొక్కబోయి ఏదో నొక్కి ఉంటారని ఒక కథ కూడా అల్లుకున్నాను. ఆ కథతోనే ఉత్తరపు గోడ పంపుల దగ్గరికి వెళ్ళాను, అక్కడ మోటార్ల గోల ఎంతుందో కొలుద్దామని.

పంపులు చూసే అసిరయ్య నన్ను చూసి నవ్వాడు. "నువ్వే కదమ్మా వచ్చే ఆదివారం పడవెక్కేది. బయమేటీ లేదులే. ఆ గంట పంపులు ఆపీమని మాస్టారు ముందే సెప్పీసేరు."

"ఎప్పుడు చెప్పారు?"

"పది రోజులు దాటింది. ఎందుకని అడిగితే, సప్పుడుంటే సబవోళ్ళ మాటలినబడవన్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చెత్తాయి, నాకైతే ఇష్టం నేదు."

పది రోజులంటే నాకు పేరివ్వడానికి ముందే. నా కథ అక్కడితో అయిపోయింది.

నమోదు 221, బుధవారం

తలుపు మూసి అడిగాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"నిలుపు ఒకటి ఎవరు పెట్టారు మాస్టారూ?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టలేదు. "ఇద్దరం ఎట్టాం. నీ వేలు కూడా ఉంది కదమ్మా."

"ఐదుంటే పెట్టెలు పరీక్షలో పోతాయని మీకు తెలుసా?"

"నీ బల్ల కాడికి రాకముందే సేత్తో సూసేను. ఆరుకి ఆరూ పోయాయి." ఒక గుక్క తాగి, "పోయాయని రాస్తే సబవోళ్ళు ఈ గదికి తాళమేసీసి, పెట్టెలు సేసినోళ్ళనే పరీక్ష సేసుకోమంటారు. ఆ మాట నా మొహం మీదే అన్నారు. నలబయ్యేళ్ళు కాసేనమ్మా ఈ గదిని. పై సాలు పెట్టెల్లో సరిసేయిద్దారనుకున్నాను" అన్నారు.

"ఈలోగా పంపులు రోజూ నడుస్తాయి. రోజూ మా చెల్లి ఆ బురుజుల ముందు నుంచే వెళ్తుంది."

"ఎప్పుడో ఒక్క సెకనుకి..."

"మీ అల్లుడు కొండెందుకెక్కాడు?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. నాకు కావలసిన ప్రశ్న అది కూడా కాదు. అసలుది అడిగాను. "పేరు నాకెందుకిచ్చారు?"

"నా పేరుంటే నాను ఎక్కాల కదమ్మా పడవ." ఆ మాట ఆయన మామూలుగా, వర్షమొస్తుందేమో అన్నట్టు అన్నారు. వెంటనే, "నీకేటీ కాకుండా పంపులు ఆపించేను కదా" అని కూడా అన్నారు, నాకేదో మేలు చేసినట్టు.

మా అమ్మ పోయినప్పుడు పాడె ముందు నడిచింది ఈయన. నా చేతిలో మొదటి ప్రోబ్ పెట్టింది ఈయన. ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి ఒక్క మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. అది వచ్చిన రోజే నా గొంతు కోశారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన ఎదురుగా కూర్చోబుద్ధి కాక బయటికొచ్చేశాను.

నమోదు 222, గురువారం

గోడ కమాండర్ త్రివేణి గారి దగ్గరికి ఈ పుస్తకం పట్టుకెళ్ళాను. ఆవిడ శనివారం నమోదు రెండుసార్లు చదివారు.

"ఆరు నివేదికల మీదా పాస్ ఉంది. పేరు మీది. మార్పు కింద వేలిముద్ర కూడా మీది" అన్నారు.

"మళ్ళీ పరీక్షించండి. ఒక్క పెట్టె చాలు."

"బురుజులకి సభ ముద్ర పడిపోయింది. ఆదివారం తాళంచెవి నా చేతికొచ్చేదాకా నేను తెరవలేను. ఇప్పుడు మీరు పెట్టెలు మంచివి కావంటే, సభలో ఏమంటారో తెలుసా? పడవెక్కడానికి భయపడి అబద్ధమాడుతోందంటారు."

అదీ నిజమే. నేను భయపడ్డాననే అంటారు. పేరెందుకిచ్చారో అప్పుడు ఇంకా బాగా అర్థమైంది. నోరెత్తినా పోయేది నా పరువే.

"మరి ఎక్కితే?" అన్నాను.

ఆవిడ నా వంక చూశారు. "తుపాకులు మొదలుపెట్టే తాళంచెవి తిప్పేది నేనే. తిప్పేముందు మీరేం చెప్పినా వింటాను."

సాయంత్రం అసిరయ్య దగ్గరికి వెళ్ళి ఆదివారం పంపులు ఆపొద్దని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. తర్వాత నూకరత్నానికి చెప్పాను. అది "మన ఇంట్లో అన్నం తిన్నాడప్పా ఆ మడిసి" అంది. పడవ మానెయ్యమంటే మాత్రం వినలేదు.

నమోదు 225, ఆదివారం

ఎండ కాస్తోంది. గోడ మెట్ల నిండా జనం. సభవాళ్ళు పందిట్లో, త్రివేణి గారు బురుజు తలుపు దగ్గర, మాస్టారు ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో ఉన్నారు.

నూకరత్నం పడవని రేవు మెట్టుకి ఆనించింది. నేను ఎక్కాను. పలక మీద నిలబడి, అందరికీ వినబడేలా పిలిచాను.

"రండి మాస్టారూ. పదకొండుసార్లు మీరెక్కారు. నాకిది మొదటిసారి. నేర్పినవారు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది."

జనం చప్పట్లు కొట్టారు. ఆయనకి తప్పలేదు. నవ్వుతూనే లేచారు. ఎవరో చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. ఒక కాలు పలక మీద పెట్టారు. సరిగ్గా అప్పుడు బురుజు అడుగున అసిరయ్య పంపులు మొదలయ్యాయి. గోడ అదిరేంత మోత.

ఆయన ఆగిపోయారు. బురుజు వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. నేను చెయ్యి చాపే ఉన్నాను.

"పంపులు ఆపీమన్నాను కదా" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

"రేపూ నడుస్తాయి మాస్టారూ. ఎల్లుండీ నడుస్తాయి. ఎక్కండి."

"సిన్నదానివి, నీకు తెల్దు. దిగిపో పైడమ్మా. దిగిపో." ఈసారి మెట్ల మీది వాళ్ళందరికీ వినబడింది.

"పాసయిన పెట్టెలే కదా. దేనికి దిగాలి?"

ఆయన పలక మీది కాలు వెనక్కి తీసుకున్నారు. ఒక మెట్టు పైకి, ఇంకో మెట్టు పైకి. చప్పట్లు ఎప్పుడాగాయో తెలియదు. ఇన్ని వందలమంది ముందు ఆ మనిషి వెనక్కి నడుస్తుంటే నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఎక్కేస్తారేమోనని, ఎక్కేస్తే నాది తప్పని తేలిపోతుందని, అలా తేలితే బాగుండునని ఆ క్షణం దాకా కోరుకుంటూనే ఉన్నానని అప్పుడు తెలిసింది.

త్రివేణి గారు తాళంచెవి తిప్పలేదు. "తూటాలన్నీ దింపండి" అన్నారు. ఆరు బురుజులూ ఖాళీ చేయడానికి అరగంట పట్టింది. అప్పుడు తాళం తిప్పి, నూకరత్నాన్ని వెళ్ళమని చెయ్యి ఊపారు. పడవ మీద చీటీ రేడియో మోగుతోంది. మేం ఆరు బురుజుల ముందు నుంచీ మెల్లగా వెళ్ళాం. రెండో బురుజు మా వైపు తిరిగి ఎర్రదీపం వెలిగించింది. నాలుగోదీ, ఐదోదీ కూడా వెలిగించాయి; మిగతా మూడింటి దగ్గర ఆ క్షణానికి గోల అంత లేవలేదేమో. ఖాళీ తుపాకీ ప్రతిసారీ టక్కుమంది.

మూడో టక్కు దగ్గర నూకరత్నం తెడ్డు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది.

నమోదు 226, సోమవారం

మూడో నంబరు పరీక్ష గది. వేడి ఇరవై నాలుగు, తేమ అరవై రెండు.

ఆరు పెట్టెలూ విప్పుకొచ్చారు. ఉత్తరపు గోడ తేదీ వాయిదా పడింది. గదికి తాళం పడలేదు. వెయ్యాలంటే ఇప్పుడు జనం ఊరుకోరు. నా వేలు కూడా ఉంది కాబట్టి మూడేళ్ళ దాకా నివేదికల మీద నా పేరు ఉండకూడదన్నారు. సరేనన్నాను. చదవకుండా పెట్టిన వేలికి అది ఎక్కువేమీ కాదు.

నిలుపు మళ్ళీ ఐదు చేయాలి. దానికి రెండు వేళ్ళు కావాలి. కొత్త మనిషి వచ్చేదాకా రెండో వేలు ఆయనదే. అందుకోసం ఆయన్ని పిలిపించారు. ఈ గదికి ఆయన రావడం ఇదే ఆఖరు.

ముందు ఆయన వేలు పెట్టారు. నేను వేలు పెట్టకుండా తెరను నా వైపు తిప్పుకుని చదివాను. పై వరస నుంచి కింది వరస దాకా, ప్రోబ్ పేరు, ఫైలు పేరు, తేదీ, ప్రతి అంకె మీదా వేలు ఆనించి చదివాను. ఆయన నిలబడే ఉన్నారు. కుర్చీ వెయ్యలేదు నేను. అయిపోయాక, "బాగా సదివేవమ్మా" అన్నారు. ఎదురుచూసిన మెచ్చుకోలే అది. నేను వేలు పెట్టి తెరను పక్కకి జరిపాను. ఆయన పెన్సిలు బల్ల మీదే వదిలేసి వెళ్ళారు.

మధ్యాహ్నం ఆరో పెట్టెను బల్ల మీద పెట్టి చేత్తో మొదలుపెట్టాను. ముప్పై ఒకటి దగ్గర ఆగి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆ లెక్క నా నోట్లో ఇంకా ఆయన గొంతుతోనే వస్తోంది. వద్దనుకున్నా పోవడం లేదు. నాలుగు అన్నాక దీపం ఎర్రబడింది. ఐదు దాకా ఆగి, పోయింది అని రాశాను.